మనవాళ్ళు, మీవాళ్ళు

తెలుగుభాష మనకిచ్చిన సదుపాయాల్లో 'మనం', 'మేము' అనే జంట సర్వనామాలు చాలా విలువైనవని నా నమ్మకం. వింటున్నవాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఇంగ్లీషువాడు రెంటికీ ఒక్క 'వియ్'తో సరిపెట్టుకుంటాడు. హిందీవాడికీ 'హమ్' ఒక్కటే గతి. తెలుగువాడు మాత్రం నోరు విప్పేలోగానే ఎవరు అరుగు మీదివాళ్ళో, ఎవరు వీధిలోవాళ్ళో తేల్చుకోవాలి. "మన ఊరు" అన్నదానికీ, "మా ఊరు" అన్నదానికీ మధ్య ఎంత దూరముందో ఊరు విడిచి వచ్చినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ తేడా బాగా పైకి కనబడేది ఆటల దగ్గర. క్రికెట్ జరుగుతున్న రోజున బస్సులో ముక్కూమొహం తెలియని మనిషి "మనవాళ్ళు ఎంత కొట్టారండీ?" అని అడుగుతాడు. ఎవరి మనవాళ్ళని ఎవరూ ఎదురడగరు. ఆ ఒక్క ప్రశ్నతో ఇద్దరూ చుట్టాలైపోతారు. గెలిచినప్పటికంటే ఓడినప్పుడు ఈ చుట్టరికం మరీ బిగుస్తుంది. 1986 ఏప్రిల్ 18న షార్జాలో పాకిస్తాన్‌కు చివరి బంతికి నాలుగు పరుగులు కావలసి ఉండగా, చేతన్ శర్మ వేసిన బంతిని జావేద్ మియాందాద్ సిక్సరు కొట్టాడు. అప్పటికి నాకు పదేళ్ళు. ఆ రాత్రి మా నాన్నగారు అన్నం దగ్గర కూర్చుని, మజ్జిగ దాకా రాకుండానే లేచిపోయారు. "వాళ్ళెవరో ఓడిపోతే మీకెందుకండీ పస్తు?" అంది అమ్మ. "వాళ్ళెవరో కాదు, మనమే" అన్నారాయన. అమ్మ ఒప్పుకోలేదు. ఆటల విషయంలో ఆవిడ ఎవరినీ అంత సులువుగా మనవాళ్ళలో చేర్చుకోదు.

ఇంత ఉపోద్ఘాతం చేసింది క్రికెట్ గురించి చెప్పడానికి కాదు. అమెరికా బాస్కెట్‌బాల్ గురించి, 2013లో శాన్ ఆంటోనియో స్పర్స్‌కూ మయామీ హీట్‌కూ మధ్య జరిగిన ఫైనల్స్ గురించి, అందులోనూ ముఖ్యంగా ఒక అరనిమిషం గురించి. ఆట తెలియనివారు భయపడి పారిపోనక్కర్లేదు, కావలసిన మేరకు చెబుతాను. తెలిసినవారు నా వివరణలను పెద్దమనసుతో భరించాలి.

* * *

2004లో ఉద్యోగం నన్ను టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో దింపింది. డాలస్‌లోనూ హ్యూస్టన్‌లోనూ ఉన్నంతమంది తెలుగువాళ్ళు ఇక్కడ లేరు. ఊరి నడుమ ఒక చిన్న నది, పాత స్పానిష్ కట్టడాలు, మాడ్చే ఎండలు. ఎండల విషయంలో గుంటూరువాణ్ణి గనక నాకు ఏ లోటూ అనిపించలేదు. వచ్చిన రోజునుంచీ మా ఇంట్లో ఒకటే మాట: "ఇంకో రెండేళ్ళు". రెండేళ్ళలో వెళ్ళిపోయేవాళ్ళం కాబట్టి మంచి సోఫా కొనలేదు. అద్దె ఇంటి గోడలకు మేకులు కొట్టలేదు. ఖాళీ సూట్‌కేసులు అల్మారా పైన ఎప్పుడూ చేతికందేలా ఉండేవి. అలాంటి రెండేళ్ళు నాలుగు గడిచాయి. ఈలోగా మాకొక ఆడపిల్ల పుట్టింది. దాని దృష్టిలో మేం ఎక్కడికో వెళ్ళవలసినవాళ్ళం కాదు; ఇక్కడివాళ్ళమే.

అమెరికాలో పెద్ద నగరాలకు ఫుట్‌బాల్‌కొకటి, బేస్‌బాల్‌కొకటి చొప్పున జట్లుంటాయి. పెద్ద లీగుల లెక్కలో మా ఊరికి ఉన్నది స్పర్స్ ఒక్కటే. 1973లో డాలస్ నుంచి ఇక్కడికి తరలివచ్చిన జట్టు ఇది. ఏకైక సంతానం మీద తల్లిదండ్రులకుండే గారాబమంతా ఊరికి దాని మీద ఉంటుంది. మా పక్కింటి పెద్దాయన దాన్ని తొలి ఏడాది నుంచీ చూస్తున్నవాడు. వాళ్ళ తాతగారు మెక్సికో నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. సాయంత్రం పచ్చికకు నీళ్ళు పెడుతూ నిన్నటి ఆటను పూసగుచ్చినట్టు చెప్పేవాడు. నాకీ ఆట నేర్పింది ఆయనే.

ఆట సంగతి సరే, నన్ను కట్టిపడేసింది సిరీస్ అనే పద్ధతి. ఎన్.బి.ఏ.లో ఒక్కో జట్టు 82 ఆటలు ఆడాక, పదహారు జట్లు ప్లేఆఫ్స్‌కు చేరతాయి. అక్కడినుంచి నాలుగు అంచెలు. ఒక్కో అంచెలో అవే రెండు జట్లు మళ్ళీ మళ్ళీ తలపడతాయి. ఏడింట్లో ముందుగా నాలుగు గెలిచినవాళ్ళు పైకి పోతారు. ఒక్క ఆటతో తేలిపోయే పోటీలో గాలివాటం గెలవవచ్చు. ఏడు ఆటల పోటీలో అది కష్టం. మొదటి రోజు పారిన ఎత్తు మూడో రోజుకు పాతబడుతుంది. ఐదో రోజుకు ఇద్దరికీ ఒకరి ఊపిరి ఒకరికి తెలుస్తుంది. మా చిన్నప్పుడు గుళ్ళో పురాణ కాలక్షేపం ఇలాగే రాత్రుళ్ళ తరబడి సాగేది. కథ రసపట్టులో ఉండగా పౌరాణికుడు పుస్తకం మూసేవాడు. మర్నాడు సాయంత్రం దాకా ఊరంతా ఆ పట్టులోనే ఉండేది. ప్లేఆఫ్స్ రోజుల్లో శాన్ ఆంటోనియో అలా ఉంటుంది. కూరగాయలు తూచే మనిషికీ, పళ్ళ డాక్టరుకూ, బడి బస్సు నడిపే ఆవిడకూ మనసులో ఒకటే సంగతి.

ఇక జట్టుకు ఆధారస్తంభం టిమ్ డంకన్. కరీబియన్ సముద్రంలోని సెంట్ క్రోయ్ అనే ద్వీపంలో పుట్టాడు. చిన్నప్పుడు ఈతగాడు. 1989లో హ్యూగో తుపాను ఆ ద్వీపంలోని ఈతకొలనును ధ్వంసం చేసింది. మరుసటి ఏడు పద్నాలుగో పుట్టినరోజు ముంగిట తల్లి పోయింది. ఈత అక్కడితో ఆగిపోయి బాస్కెట్‌బాల్ మొదలైంది. 1997లో స్పర్స్ ఆయన్ను మొట్టమొదటి ఎంపికగా తీసుకుంది. 2000లో ఓర్లాండో జట్టు ఎంతగానో పిలిచింది. ఆయన వెళ్ళలేదు. 2016లో విరమించేదాకా పంతొమ్మిది సీజన్లు ఈ ఒక్క ఊరికే ఆడాడు. అరుపులు లేవు, ఛాతీ చరుచుకోవడాలు లేవు. బుట్ట వెనకనున్న గాజుపలక మీద ఒక కోణంలో బంతిని తాకించి లోపల పడేసి, ఏమీ జరగనట్టు వెనక్కి పరిగెత్తేవాడు. చూసేవాళ్ళకు విసుగనే పేరు కూడా ఉండేది. నాకు మాత్రం ఆ ఆటలో మంచి వచనం చదివిన సుఖం దొరికేది. దానికంటే ముఖ్యంగా, వేరేచోటినుంచి వచ్చి ఒక ఊళ్ళో ఉండిపోవడమంటే ఏమిటో ఆయన్ని చూస్తే తెలిసేది.

ఆయన చుట్టూ ఉన్నవాళ్ళూ దూరాలనుంచి వచ్చినవాళ్ళే. టోనీ పార్కర్ ఫ్రాన్స్ నుంచి, మాను జినోబిలి అర్జెంటీనా నుంచి. బ్రెజిల్, ఆస్ట్రేలియాల నుంచి కూడా మనుషులుండేవారు. అందరినీ ఒక తాటి మీద నడిపే కోచ్ గ్రెగ్ పాపొవిచ్ 1996 నుంచీ అదే కుర్చీలో ఉన్నాడు.

* * *

2013 వేసవిలో మా ఇంట్లో రెండు విషయాలు ఒకేసారి నడుస్తున్నాయి. ఒకటి ఈ ఫైనల్స్. రెండోది, ఆఫీసువాళ్ళు నాకు హైదరాబాదుకు బదిలీ ఇస్తామన్నారు. జూన్ నెలాఖరులోగా అవుననో కాదనో చెప్పాలి. నాన్నగారు పోయి అప్పటికి మూడేళ్ళు. అమ్మ గుంటూరులో ఒక్కతే ఉంది. తొమ్మిదేళ్ళుగా "రెండేళ్ళలో వచ్చేస్తాం" అని చెబుతున్న కొడుకుకు రావడానికి దారి దొరికింది. అమ్మ ఎప్పుడూ రమ్మని ఒత్తిడి చేయలేదు. ప్రతి ఫోనులోనూ చివర్లో "ఆ హైదరాబాదు సంగతి ఏమైందిరా?" అని మాత్రం అడిగేది.

ఎదుటి జట్టు సామాన్యమైనది కాదు. మయామీ ఆ ఏడు వరసగా 27 ఆటలు గెలిచింది. 82లో 66 గెలిచి, అంతకుముందటి ఏడాది విజేతగా వచ్చింది. లెబ్రాన్ జేమ్స్ ఆటకు అప్పుడు పగ్గాల్లేవు. అయినా మొదటి ఆటను స్పర్స్ మయామీలోనే 92-88తో గెలిచింది. రెండోది పోయింది. మూడోది మా ఊళ్ళో 113-77. ఆ రాత్రి స్పర్స్ మూడు పాయింట్ల గీత బయటనుంచి పదహారు బుట్టలు వేసి ఫైనల్స్ చరిత్రలో కొత్త లెక్క రాసింది. నాలుగోది మయామీది, ఐదోది మళ్ళీ మాది. మూడు రెండుతో ముందున్నాం. ఇంకొక్కటి గెలిస్తే చాలు. చివరి రెండు ఆటలూ మయామీలో.

జూన్ 18, మంగళవారం, ఆరో ఆట. మూడో భాగం ముగిసేసరికి 75-65. డంకన్ తొలి సగంలోనే 25 పాయింట్లు చేశాడు, ముప్పయ్యేడేళ్ళ మోకాళ్ళతో. చివరి పన్నెండు నిమిషాల్లో లెబ్రాన్ విజృంభించాడు. ఎప్పుడూ నుదుటిని ఉండే పట్టీ ఊడి కిందపడినా ఆగలేదు. ఆధిక్యం కరిగిపోయింది. స్పర్స్ మళ్ళీ కూడదీసుకుంది. 28.2 సెకన్లు మిగిలి ఉండగా జినోబిలి రెండు ఫ్రీత్రోల్లో ఒకటి వేశాడు. 94-89.

అయిదు పాయింట్లు, ఇరవై ఎనిమిది సెకన్లు. సిబ్బంది పసుపుపచ్చ తాడు పట్టుకుని మైదానం అంచుల్లోకి వచ్చి నిలబడ్డారు. బహుమతి ప్రదానం వేళ జనం లోపలికి తోసుకురాకుండా కట్టే తాడు అది. మయామీ అభిమానులు కొందరు లేచి ద్వారాలవైపు నడిచారు. మా వీధిలో అప్పటికే ఎవరో కారు హారన్ మోగిస్తున్నారు.

లెబ్రాన్ వేసిన బంతి తప్పింది. తప్పిన బంతి మయామీ చేతికే చిక్కి తిరిగి లెబ్రాన్‌కే చేరింది. ఈసారి పడింది, మూడు పాయింట్లు. 94-92. వెంటనే వాళ్ళు కవాయ్ లెనర్డ్‌ను ఫౌల్ చేశారు. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు. రెండు ఫ్రీత్రోలు. రెండూ పడితే కథ దాదాపు కంచికి చేరినట్టే. మొదటిది తప్పింది. రెండోది పడింది. 95-92, ఇంకా 19.4 సెకన్లు. లెబ్రాన్ మళ్ళీ వేశాడు, మళ్ళీ తప్పింది. క్రిస్ బాష్ గాలిలోకి లేచి బంతి అందుకున్నాడు. ఆ క్షణాన అలాంటి బంతుల కోసమే పుట్టిన డంకన్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మూడు పాయింట్ల గీత దగ్గర చురుగ్గా కదిలేవాళ్ళు కావాలని కోచ్ ఆయన్ను బయట ఉంచాడు. ఆ ఏడాదంతా అలాంటి వేళల్లో చేస్తూ వచ్చిన పనే అది. బాష్ అందించిన బంతిని, వెనకడుగులు వేస్తూ కుడి మూలకు చేరిన రే ఆలెన్ అందుకున్నాడు. గీతను చూసుకోలేదు. కాళ్ళకు తెలుసు. 5.2 సెకన్లు. 95-95.

ఆలెన్ మీద కోపం రావడానికి కూడా ఆస్కారం లేకుండా పోయింది. నేలమీద పడుకుని, ఒక్క ఉదుటున లేచి, వెనక్కి నడుస్తూ మూలకు చేరి, కిందికి చూడకుండా బంతి వేయడం ఆయన ఏళ్ళ తరబడి ఒంటరిగా చేసిన సాధన. అటువంటి అవసరం ఆటలో ఎన్నడైనా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. వచ్చినరోజున మాత్రం ఆయన సిద్ధంగా ఉన్నాడు. మనల్ని ఓడించినవాడి కష్టాన్ని తెలుసుకోవడం అభిమానికి ఒక శిక్ష.

అదనపు అయిదు నిమిషాల ఆటలో 103-100తో మయామీ గెలిచింది.

* * *

టీవీ కట్టేసి బయటికొచ్చాను. రాత్రి పదకొండు దాటింది. హారన్ మోగించిన కారు చప్పుడు లేకుండా ఉంది. పక్కింటి పెద్దాయన వరండాలో దీపం వేసుకోకుండా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఇంగ్లీషులో ఒక్క ముక్క అన్నాడు, చేతికొచ్చింది పోగొట్టుకున్నామని. ఆయన వాడింది 'వియ్' అనే మాట. ఇంగ్లీషు సర్వనామానికి తెలుగు చెప్పుకోవడం నా బుర్రకు పాత అలవాటు. తొమ్మిదేళ్ళుగా ఆయన 'వియ్' అన్నప్పుడల్లా నేను 'మేము' అనే విన్నాను. ఈ ఊరివాళ్ళు, నలభై ఏళ్ళుగా ఉన్నవాళ్ళు, మేము. ఆ రాత్రి అది 'మనం' అని వినిపించింది. ఆయన గొంతు మారలేదు. ఆ చీకట్లో నన్నుగానీ, నా పాస్‌పోర్టునుగానీ లెక్కలోంచి తీసేయాలన్న ఆలోచన ఆయనకు ఎన్నడూ లేదని అప్పుడు తోచింది.

ఇంట్లోకి వచ్చేసరికి ఫోను మోగుతోంది. గుంటూరులో ఉదయం పదవుతోంది.

"ఏరా, మీవాళ్ళు గెలిచారా?" అంది అమ్మ.

"ఓడిపోయామమ్మా" అన్నాను.

అంతకుముందు ఎప్పుడడిగినా "గెలిచారమ్మా", "ఓడిపోయారమ్మా" అనేవాణ్ణి. ఆ రోజు నాలుక దానంతటది తిరిగింది. అవతల కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత నవ్వుతూ, "అదేమిట్రా, నువ్వెక్కడ ఆడావు?" అంది. ఇంకాస్త ఆగి "అన్నం తిన్నావా?" అని అడిగింది. తిన్నానన్నాను. ఆ రోజు హైదరాబాదు సంగతి ఎత్తలేదు. ఆ తర్వాత కూడా, నేనుగా ఎత్తేదాకా ఎత్తలేదు.

బంతి ఆట చూసి బతుకు నిర్ణయాలు చేసేంత సాహసిని కాను. నెలాఖరున ఆఫీసులో బదిలీ వద్దన్నాను. పిల్ల బడి, మా ఆవిడ ఉద్యోగం, ఇంకా పదిమందికి చెప్పదగిన కారణాలు ఉన్నాయి. అవన్నీ నిజమే. కానీ మా అమ్మకు జవాబు చేరింది మాత్రం జూన్ 18 రాత్రేనని నా అనుమానం. నాకు తెలియడానికి ముందే ఆవిడకు తెలిసింది.

* * *

ఆ రాత్రి మయామీలో జరిగిన ఒక సంగతి చాలా కాలానికి, 2019లో, పత్రికకెక్కింది. గెలుపు వేడుక కోసం స్పర్స్‌వాళ్ళు ఒక హోటల్లో ముందే భోజనాలు ఏర్పాటు చేసుకున్నారట. ఓడిపోయాక, ఎవరి గదికి వాళ్ళు పోయి తలుపేసుకోవడం సహజం. పాపొవిచ్ ఒప్పుకోలేదు. అందరూ రావలసిందేనన్నాడు. తాను ముందుగా వెళ్ళి బల్లలు సర్దించాడు. వచ్చిన ఒక్కొక్కరినీ ఎదురేగి పలకరించాడు. బల్ల బల్లకూ తిరిగి అందరినీ కనుక్కున్నాడు. అది చదివినప్పుడు నాకు మన ఇళ్ళలో కష్టం వచ్చిన రోజున ఎవరో ఒక పెద్దదిక్కు పూనుకుని, వద్దన్నవాళ్ళ విస్తట్లో కూడా నాలుగు మెతుకులు వేయించడం గుర్తుకొచ్చింది. వ్యూహాల గొప్ప సంగతి నిపుణులు చెబుతారు. నాకు తెలిసినంతలో జట్టు అనేదాన్ని నిలబెట్టింది ఆ పంక్తిభోజనం.

రెండ్రోజుల తర్వాత ఏడో ఆట. యాభై సెకన్ల లోపు మిగిలి ఉండగా మయామీ రెండు పాయింట్లు ముందుంది. డంకన్‌కు బుట్ట దగ్గర బంతి అందింది. కాపలా ఉన్న షేన్ బాటియే ఆయనకంటే పొట్టివాడు. పదహారేళ్ళుగా కళ్ళు మూసుకుని వేసే బంతి అది. తప్పింది. తిరిగొచ్చినదాన్ని మళ్ళీ తాకించాడు. అదీ తప్పింది. అవతలి కొసకు పరిగెత్తి, రెండు చేతులతో నేలను చరిచాడు. ఎన్నడూ ముఖంలో ఏదీ చూపించని మనిషి. 95-88తో కప్పు మయామీకి పోయింది.

వయసు మీరిందనీ, ఇక వీళ్ళ పని అయిపోయిందనీ రాయనివాళ్ళు లేరు. శరత్కాలంలో మళ్ళీ సాధన మొదలైనప్పుడు పాపొవిచ్ ఆ ఓటమి వీడియో పెట్టించి అందరినీ కూర్చోబెట్టి చూపించాడు. ఆ జట్టు శిక్షణకు మూలమంత్రం ఒకటుంది. జేకబ్ రీస్ అనే పాతకాలపు పాత్రికేయుడు రాసిన ఒక మాట, ఆటగాళ్ళ గదిలో వాళ్ళ వాళ్ళ భాషల్లో గోడకెక్కింది. రాతిని కొట్టేవాడి గురించి. వంద దెబ్బలకు చీలిక కనబడదు. నూటొకటో దెబ్బకు పగిలితే, ఆ ఘనత చివరి దెబ్బది కాదని దాని సారాంశం. రాళ్ళు కొట్టేవాళ్ళను చూసి పెరిగిన పల్నాటి పొలిమేరవాణ్ణి గనక ఆ మాట నాకు పుస్తకంలో మాటలా అనిపించలేదు.

* * *

2014లో అమ్మ ఆరునెలల వీసా మీద మా దగ్గరికి వచ్చింది. ఆ జూన్‌లో అవే రెండు జట్లు మళ్ళీ ఫైనల్స్‌కు చేరాయి. వరస ఏళ్ళలో అవే జట్లు, అవే ముఖాలు. పాత సోఫాలో ఒక చివర అమ్మ వత్తులు చేసుకుంటూ కూర్చునేది. "మీవాళ్ళు ఏ రంగురా?" అని ప్రతి ఆటకూ అడిగేది. తెల్లచొక్కాలవాళ్ళని మా అమ్మాయి చెప్పేది. మయామీ వెళ్ళి ఆడేటప్పుడు రంగు మారేసరికి, "వీళ్ళకు నిలకడ లేదే" అంది.

మొదటి ఆటనాడు మా స్టేడియంలో ఏసీ చెడిపోయింది. జూన్ నెల టెక్సస్ ఉక్కలో లెబ్రాన్‌కు కండరాలు పట్టేసి చివరికి ఆడలేకపోయాడు. స్పర్స్ గెలిచింది కానీ ఆ గెలుపు నాకు రుచించలేదు. రెండో ఆటను మయామీ 98-96తో తీసుకుంది. ఆ తర్వాత జరిగింది మాత్రం ఎన్నటికీ మరువలేను. మయామీలో ఆడిన మూడో ఆట తొలి సగంలో స్పర్స్ 33 సార్లు బుట్టకు వేసి 25 సార్లు పడేసింది. 71 పాయింట్లు. బంతి ఎవరి చేతిలోనూ నిలవలేదు. బాగా వేయగలవాడు తనకంటే బాగా వేయగలవాడికి అందించేవాడు, అతను ఇంకా వీలుగా ఉన్నవాడికి. పెళ్ళిలో వడ్డన బకెట్ చేతులు మారినట్టు మారింది బంతి. ఆ రాత్రి 29 పాయింట్లు చేసినవాడు కవాయ్ లెనర్డ్, ఏడాది కిందట ఫ్రీత్రో తప్పిన కుర్రాడు.

111-92, 107-86, చివరగా జూన్ 15న మా ఊళ్ళో 104-87. ఆఖరి ఆటలో మొదట్లో 22-6తో వెనకబడినా ఎవరూ కంగారుపడలేదు. నాలుగు ఒకటితో సిరీస్ ముగిసింది. ఫైనల్స్‌లో అత్యంత విలువైన ఆటగాడు లెనర్డ్, ఇరవై రెండేళ్ళకు. డంకన్‌కు అది అయిదో కప్పు. 1999లో మొదటిది.

మా ఊరి విజయోత్సవం వీధుల్లో కాదు, నదిలో జరుగుతుంది. ఆటగాళ్ళను పడవల మీద ఎక్కించి ఊరి నడుమ నదిలో తిప్పుతారు. జనం రెండు గట్ల మీద, వంతెనల మీద నిలబడి చూస్తారు. ఆ ఏడు ఊరేగింపు జూన్ 18న పెట్టారు. ఆరో ఆట ఓడి సరిగ్గా ఏడాది. తేదీని కావాలని ఎంచారో, కుదిరిందో, గట్టున నిల్చున్న నాలాంటివాళ్ళకు మాత్రం అది తెలుస్తూనే ఉంది. పక్కింటి పెద్దాయన మాకూ చోటు పట్టి ఉంచాడు. పడవలు వరసగా వస్తుంటే అమ్మ చేతులు జోడించబోయి ఆగి, "తెప్పోత్సవంలా ఉందిరా" అంది. డంకన్ పడవ వచ్చినప్పుడు "ఈ పొడుగాయనేనా ఆ రోజు నేల కొట్టుకున్నది?" అని అడిగింది. ఆవిడకు ఆ సంగతి ఎప్పుడు చెప్పానో నాకు గుర్తులేదు. "పోనీలే, మీవాళ్ళు సాధించారు" అంది. మీవాళ్ళు అనే అంది.

* * *

ఓటమి ఆ గెలుపుతో చెరిగిపోయిందని అనను. డంకన్ తప్పిన బంతి ఈనాటికీ తప్పినదే. ఆలెన్ బంతి ఎన్నిసార్లు చూసినా పడుతూనే ఉంటుంది. ఆ తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. 2016లో డంకన్ ఆట విరమించాడు. 2018లో జినోబిలి విరమించాడు, పార్కర్ వేరే జట్టుకు వెళ్ళాడు, లెనర్డ్ కోరి మరీ ఈ ఊరు విడిచాడు. 2025లో పాపొవిచ్ కోచ్ బాధ్యత వేరొకరికి అప్పగించాడు. వీళ్ళలో ఎవరికీ నేనెవరో తెలియదు. అభిమాని చుట్టరికం ఒకవైపునుంచే సాగే చుట్టరికం, పెళ్ళిపిలుపులు రావు. అయినా దానివల్ల నాకు పక్కింటితో ఏర్పడిన చుట్టరికం రెండువైపులదీ. గెలుపు సంబరంలో ఎవరైనా కలవవచ్చు. ఊరేగింపుకు టిక్కెట్టు లేదు. దీపం వేయని వరండాలో పక్కన కూర్చోవడానికి మాత్రం అక్కడివాడై ఉండాలి.

అమ్మతో ఆ రోజు అన్న మాట గురించి చాలాసార్లు ఆలోచించాను. 'మేము ఓడిపోయాం' అనుంటే కన్నతల్లిని గుమ్మం బయట నిలబెట్టినట్టు. 'మనం ఓడిపోయాం' అంటే ఆవిడ నవ్వేది, అప్పుడు నాన్నగారి మాట ఒప్పుకోనట్టే ఒప్పుకునేది కాదు. నేను రెండూ అనలేదు. సర్వనామాల దగ్గర ఇంత కచ్చితంగా ఉండే తెలుగు, క్రియ దగ్గరకొచ్చేసరికి జాలిపడుతుంది. మేము అయినా మనం అయినా 'ఓడిపోయాం' ఒక్కటే. కర్తను చెప్పకుండా వదిలేస్తే, ఎవరు లోపలో ఎవరు బయటో వినేవాళ్ళే పూరించుకోవాలి. ఆ రోజు అమ్మ ఏమని పూరించుకుందో నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. అల్మారా పైనున్న సూట్‌కేసులు మాత్రం ఆవిడ తిరుగు ప్రయాణానికి పనికొచ్చాయి.